హజీరా ఉప్పునేలలో ఇరవై నాలుగు మళ్లు

ఆకులు తుడిచే ఉద్యోగం

సూరత్ పక్కన హజీరాలో కంపెనీ బస్సు దిగిన మొదటిరోజు నాకు అప్పగించిన పని, క్రోటన్ మొక్కల ఆకుల్ని తడిగుడ్డతో తుడవడం. ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారట. గెస్ట్‌హౌస్ ముందు కుండీలు బారులు తీరి ఉన్నాయి. ఆకుల మీద వేలు పెడితే వేలిముద్ర పడేంత దుమ్ము. నేను డిప్లొమాలో నేలల రకాలు, తెగుళ్లు, అంట్లు కట్టడం అన్నీ చదువుకుని ఉత్సాహంగా వచ్చాను. ఆకులు తుడవడం మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

నా పక్కన తుడుస్తున్న మాలీ కాసేపు నన్ను చూసి, ఆకు వెనకవైపు తుడవక్కర్లేదనీ సాహెబ్‌లు వంగి చూడరనీ గుజరాతీలో చెప్పాడు. ఆయన పేరు రమణ్. అందరూ రమణ్ కాకా, అంటే బాబాయ్, అనేవాళ్లు. నన్ను ఆయన బెన్ అనేవాడు, చెల్లెమ్మా అని. పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న పల్లె ఆయనది. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో నాకు దొరికిన పనికొచ్చే సలహాలన్నీ దాదాపు ఆయన దగ్గరివే. వాటిలో సగం నేను వినలేదు. వినని వాటి గురించే ఎక్కువ రాయాలి.

నా పేరు ఆడెపు సుజాత. మా నాన్న సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్‌ల మీద పనిచేశాడు. నేను పుట్టింది, పెరిగింది మగ్గాల చప్పుడులోనే. మా సందులో చెట్టన్నది లేదు. ఆకుపచ్చ రంగు కావాలంటే చీరల్లో చూసుకోవాలి. అలాంటి పిల్ల తోటపని చదువుతానంటే మా నాన్న, సరే, ఒక్కళ్లమైనా దూది పీల్చకుండా బతుకుదాం అన్నాడు. చివరికి ఒక కంపెనీ టౌన్‌షిప్‌లో తోటల సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు సూరత్‌లోనే, అమ్రోలీలో ఉంటున్నాను.

మొన్న ఇదే ఉద్యోగంలో చేరబోతున్న ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, పని ఎలా ఉంటుంది మేడమ్ అని అడిగారు. చాయ్ రెండుసార్లు పెట్టినా నా మాట పూర్తికాలేదు. పైగా మధ్యమధ్య నాకే నవ్వొచ్చి ఆగిపోతుంటే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందుకని కుదురుగా కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్లు వదిలేస్తాను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా పోతాయి.

కారు కిటికీలోంచి

మా ఎస్టేట్ మేనేజర్ దేశాయి సాహెబ్. చెడ్డవాడు కాదు. ఒక్క పూట కూడా ఎవరినీ తిట్టగా వినలేదు. కానీ ఆయనకు తోట అంటే కారు కిటికీలోంచి కనిపించేది. గేటు నుంచి గెస్ట్‌హౌస్ దాకా రోడ్డుకు రెండు పక్కలా లాన్, దాని అంచున కత్తిరించిన దురంతా మొక్కల కంచె, చెట్ల మొదళ్లకు సున్నం, ఎర్రమట్టి పట్టీలు. ఇవి బాగుంటే ఆ నెల బాగున్నట్టు. కారు వెళ్లని చోట ఏమున్నా ఆయనకు పట్టదు.

దీన్ని నేను మొదట తప్పుపట్టేదాన్ని. తర్వాత అర్థమైంది, మనం చేసే అసలు పనంతా కారు వెళ్లని చోటే చేసుకోవచ్చని. కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పై అధికారి ఎక్కడ చూడడో తెలుసుకోవడం సగం ఉద్యోగం.

లాన్ గురించి కూడా నా అభిప్రాయం దాచను. నీళ్లు తాగుతుంది, ఎరువు తింటుంది, వారం వారం క్షవరం అడుగుతుంది, తిరిగి ఒక్క కూరాకు ఇవ్వదు. పైగా దాని మీద ఎవరూ కూర్చోకూడదని బోర్డు. ఆ బోర్డులు నేనే రాయించాను, మూడు భాషల్లో.

పీకించిన గోంగూర

చేరిన ఇరవయ్యో ఏట, సూపర్‌వైజర్ అయిన కొత్తలో ఒకరోజు సి-టైప్ క్వార్టర్ల వెనక తనిఖీకి వెళ్లాను. కంచెకూ ప్రహరీగోడకూ మధ్య రెండడుగుల సందు ఉంటుంది. అందులో వరసగా, నిటారుగా, ఎర్రకాడలతో ముప్ఫై గోంగూర మొక్కలు. ఎవరో స్నానాల గది నీళ్లు చిన్న కాలవ తీసి అక్కడికి మళ్లించారు. కాలవ ఎంత చక్కగా ఉందంటే, మా కాంట్రాక్టర్ అలా ఒక్కటి కూడా తీయలేదు.

ప్లాన్‌లో లేని మొక్క ఉండకూడదన్నది నియమం. కొత్త సూపర్‌వైజర్‌కు నియమం కొత్త చెప్పులాంటిది, వేసుకుని నడిచి చూపించాలనిపిస్తుంది. పీకెయ్యమన్నాను. రమణ్ కాకా ఆ మాట విననట్టు తన కత్తెర పదును చూసుకోవడం మొదలుపెట్టాడు. అంతసేపు కత్తెరను చూసినవాడు లోకంలో ఉండడు. దాంతో నేనే వంగి పీకాను.

సగం అయ్యేసరికి వెనక తలుపు తీసుకుని ఒక ముసలామె వచ్చింది. క్రేన్ ఆపరేటర్ తల్లి, మల్లవ్వ. కరీంనగర్ వైపు మనిషి. గొడవపడుతుందనుకుని నేను నియమాలన్నీ నోట్లో సిద్ధం చేసుకున్నాను. ఆమె నా చేతిలోని కట్టను చూసి, నన్ను చూసి అడిగింది.

“నువ్వు తెలుగుదానివా బిడ్డా?”

అవునన్నాను.

“అయితే గివి పారేయకు. జర లేతగున్నయి. ఇంటికి తీస్కపోయి పప్పుల ఏస్కో.”

అంతే. లోపలికి వెళ్లిపోయింది. ఒక్క మాట తిట్టినా నాకు సుఖంగా ఉండేది.

ఆ కట్టతో కంపెనీ బస్సెక్కాను. బస్సులో తెలుగువాళ్లం నలుగురం ఉండేవాళ్లం. గోంగూర వాసనకు ముగ్గురూ ఒకేసారి తల తిప్పారు. ఎక్కడిదని, ఎంతకని, ఇంకా ఉందా అని మూడు వైపులా ప్రశ్నలు. ఇల్లు చేరేసరికి నా చేతిలో పిడికెడు మిగిలింది. అమ్మ దాన్నే పప్పులో వేసింది. పప్పు చాలా బాగుంది. అదే వచ్చిన చిక్కు. ముద్ద ముద్దకూ ఆ ముసలామె మొహం కనిపిస్తోంది, అయినా మారు వడ్డించుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె తలుపు కొట్టాను. క్షమాపణ చెబుదామని వెళ్లి, నోరు తిరగక, మళ్లీ వేస్తారా అవ్వా అని అడిగాను. జాగా చూపిస్తే వేస్తానంది. ఆమె దగ్గర విత్తనాలు ఒక మందుసీసా నిండా ఉన్నాయి.

చీటీలు

జాగా ఉంది. సి-టైప్ వెనక, కట్టడాలప్పుడు మిగిలిన కంకర, ఇటుకముక్కలు పోసిన ఒక పెద్ద గుట్ట. ముళ్లకంపలు, పాములు. దేశాయి సాహెబ్ కారు అటు వెళ్లదు. తోట వేస్తామంటే ఒప్పుకోడని తెలిసి, పాముల బెడద తీర్చడానికి ఆ స్థలం శుభ్రం చేసి వాడకంలోకి తెస్తామని రాశాను. పాములంటే ఆయనకు హడల్. సాయంత్రానికి సంతకం వచ్చింది. వాడకం అంటే ఏమిటని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

రాళ్లు ఎత్తించి, చదును చేయించి, ఇరవై నాలుగు మళ్లు గీశాం. కొయ్యలు పాతి తాళ్లు కట్టింది రమణ్ కాకా. ఒక్కో మడి ఒక్కో కుటుంబానికి. ఎవరికి నచ్చింది వాళ్లు పెంచుకోవచ్చు. చెట్లు మాత్రం వేయకూడదు. క్వార్టర్ ఉన్నవాళ్లకే మడి. ఈ చివరి నియమం కూడా నేనే రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. తప్పులు అలాగే జరుగుతాయి, చక్కటి దస్తూరిలో.

మళ్ల కోసం రెట్టింపు మంది వచ్చారు. చీటీలు రాసి స్టీలు బిందెలో వేసి మల్లవ్వ చేత తీయించాను. టౌన్‌షిప్ అంటే చిన్న ఊరే. ఆ ఊరంతా ఆ ఉదయం అక్కడే ఉంది. చీటీ వచ్చినవాళ్లు లాటరీ తగిలినట్టు గంతులు. ఒకాయనకు ఈశాన్యం మూల మడే కావాలి, వాస్తు. మలయాళీ నర్సుకు కర్రపెండలం వేయాలి. బీహార్ కుటుంబానికి అలసందలు, ఒడియా వాళ్లకు తోటకూర, గుజరాతీలకు పాపడీ చిక్కుడు. మల్లవ్వ చీటీ పన్నెండోసారికి వచ్చింది. బిందెలో చెయ్యి పెట్టింది తానే కాబట్టి మోసమంటారేమోనని ఆమె అది మడిచి మళ్లీ లోపల పడేయబోయింది. జనం పడేయనివ్వలేదు.

నాలుక మీద మట్టి

ఇప్పుడు నా పెద్ద తప్పు. చదును చేస్తున్నప్పుడే రమణ్ కాకా చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, ఖారూ అన్నాడు. ఉప్పు అని. నేను డిప్లొమా ఉన్నదాన్ని. పైన మంచి మట్టి అరడుగు మందాన పోయిస్తున్నాం, పశువుల ఎరువు వేస్తున్నాం, భయం లేదు కాకా అన్నాను. ఆయన మళ్లీ చెప్పలేదు. మాలీలు సూపర్‌వైజర్లకు ఏదైనా ఒక్కసారే చెబుతారు. రెండోసారి వినాలంటే మనమే వెళ్లి అడగాలి.

దసరా తర్వాత విత్తారు. మూడు వారాలు స్వర్గమే. జనం పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చి మొక్కల్ని చూసుకునేవాళ్లు. వాస్తు ఆయన తన బెండమొక్కలకు పేర్లు పెట్టాడు. నాలుగో వారం నుంచి ఆకుల అంచులు మాడటం మొదలైంది. పైన నేల ఎండేకొద్దీ అడుగునున్న ఉప్పు పైకి ఎగబాకింది. ఒక ఉదయం చూస్తే మళ్ల మీద తెల్లగా పొర, ఎవరో రాత్రికి రాత్రి ముగ్గు చల్లి వెళ్లినట్టు. నెల తిరిగేసరికి ఇరవై నాలుగు మళ్లలో మిగిలింది కొంత తోటకూర, కొన్ని బెండమొక్కలు, బోలెడు నిశ్శబ్దం.

లాన్‌లో గడ్డి చచ్చిపోతే కొత్తది తెచ్చి పరుస్తాం. ఇక్కడ నా ఎదురుగా ఇరవై నాలుగు మొహాలు. ఎవరూ నన్నేమీ అనలేదు, నా మీద జాలిపడ్డారు. ఈ ఉద్యోగంలో అంతకంటే కష్టమైన రోజు నాకు గుర్తులేదు.

రమణ్ కాకా పరికరాల గదిలో పారకు పిడి బిగిస్తున్నాడు. వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఏం చేయాలి కాకా అని అడిగాను. ఆయన సముద్రం ఒడ్డు రైతుల పద్ధతి చెప్పాడు. ఎండాకాలమంతా ఊరుకోవాలి. వానలు పడగానే ప్రతి మడి చుట్టూ గట్టు వేసి నీళ్లు నిలబెట్టాలి. రెండు రోజులుంచి కాలవలోకి వదిలెయ్యాలి. మళ్లీ నిలబెట్టాలి, మళ్లీ వదలాలి. ఆ నీళ్లతో ఉప్పు పోతుంది. తర్వాత జీలుగ చల్లి, పూతకొచ్చాక దున్ని అదే నేలలో కలిపెయ్యాలి. అప్పుడు విత్తుకోవచ్చు.

అంటే ఇంకో ఏడాది. ఇది కుటుంబాలకు చెప్పేసరికి సగం మంది వదిలేసుకుంటారనుకున్నాను. ఒక్కళ్లూ వదల్లేదు. పైగా ఆ వానాకాలం మా టౌన్‌షిప్‌కు పిచ్చెక్కింది. వాన మొదలైతే చాలు, జనం లుంగీలెత్తి, చీరలు దోపి గట్లు కాపాడటానికి పరుగు. ఇంజనీర్లు, క్రేన్ ఆపరేటర్లు, నర్సులు, అందరూ మోకాళ్ల దాకా బురద. రెండు రోజులకోసారి గట్టు తెంచి నీళ్లు వదిలేటప్పుడు అందరూ వరసగా నిలబడి ఉప్పుకు వీడ్కోలు చెప్పేవాళ్లు. మల్లవ్వ ఒకసారి ఆ నీళ్లకు నిజంగానే దండం పెట్టి, మళ్లీ రాకు తల్లీ అని పంపింది.

ఆ వానల్లోనే దాదా వచ్చాడు. దేశాయి సాహెబ్ తండ్రి. వల్సాడ్ వైపు చెరకు, మామిడి పండించిన రైతు. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చి, క్వార్టర్‌లో ఊపిరాడక నడుచుకుంటూ వచ్చి మా బురదలో తేలాడు. ఆ రోజు నుంచి గొడుగు కర్రతో చూపిస్తూ, ఈ గట్టు వంకర, ఆ కాలవ పల్లం చాలదు అని అందరినీ సరిదిద్దడమే ఆయన పని. సగం సార్లు ఆయన చెప్పింది నిజమయ్యేది. మిగతా సగం సార్లు గొంతు పెద్దది. రమణ్ కాకాతో మాత్రం వాదించేవాడు కాదు. ఇద్దరూ చెరో గట్టు మీద కూర్చుని మట్టి నోట్లో వేసుకుని, మాటల్లేకుండా తలలూపుకునేవాళ్లు.

సొరకాయల నెల

రెండో దసరాకు మళ్లీ విత్తాం. ఈసారి నేల పుచ్చుకున్నదంతా తిరిగిచ్చింది. ఇచ్చింది అనడం తక్కువ, మీద కుమ్మరించింది. సొరతీగలు మళ్లు దాటి, గట్లు దాటి, పరికరాల గది పైకప్పెక్కాయి. మొదటి సొరకాయను మల్లవ్వ కోసినప్పుడు చప్పట్లు కొట్టాం. ఇరవయ్యో సొరకాయకు నవ్వుకున్నాం. తర్వాత లెక్క తప్పి, దాక్కోవడం మొదలుపెట్టాం.

టౌన్‌షిప్‌లో ఎవరింటికి వెళ్లినా సొరకాయ కూర, సొరకాయ హల్వా, సొరకాయ థేప్లా రొట్టెలు. కాలింగ్‌బెల్ మోగి తలుపు తీస్తే గడప మీద రెండు సొరకాయలు, పెట్టినవాళ్లు మెట్ల మలుపులో పరుగు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు, సామాను తనిఖీ చేస్తామంటే జనం సంచిలోంచి సొరకాయ తీసి చేతిలో పెడుతున్నారని తనిఖీ మానేశారు. డిస్పెన్సరీ డాక్టర్, ఇక్కడ సొరకాయలు స్వీకరించబడవు అని కాగితం అంటించాడు. మర్నాడు ఆ కాగితం కింద మూడు బీరకాయలు ఉన్నాయి.

ఒక ఉదయం దేశాయి సాహెబ్ కారు బానెట్ మీద నాలుగు నిలువెత్తు సొరకాయలు పడుకోబెట్టి ఉన్నాయి. నన్ను పిలిపించాడు. ఇవి ఎక్కడివని అడిగాడు. పాముల స్థలంలోవి అని చెప్పాను. కారు వెళ్లని చోట ఇంత జరిగిందని అప్పుడే తెలిసింది ఆయనకు. మీ నాన్నగారు రోజూ అక్కడే ఉంటారని కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంట్లో నెల రోజులుగా సొరకాయే ఎందుకు తింటున్నానో ఇప్పుడు తెలిసిందన్నాడు.

సగం

అంత సందడి రెండేళ్లు నడిచాక దేశాయి సాహెబ్ మళ్లీ పిలిచాడు. టౌన్‌షిప్‌లో కార్లు పెరిగాయి. పార్కింగ్‌కు స్థలం కావాలి. తోటలో సగం ఇవ్వాలి, పైనుంచి నిర్ణయమైపోయింది. సోమవారం రోలర్ వస్తుంది. పన్నెండు మళ్లు పోతాయి కాబట్టి ఏ పన్నెండు కుటుంబాలు ఉండాలో నువ్వే జాబితా రాయి అన్నాడు. చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు.

నేను జాబితా రాశాను. న్యాయంగా రాస్తున్నానని నమ్మి రాశాను. ఎవరి మడిలో కలుపు లేదు, ఎవరు రోజూ వస్తారు, ఎవరు నీళ్ల వంతు తప్పలేదు. మార్కులు వేశాను. ఆ కాగితం నా బల్ల మీద ఆరకముందే టౌన్‌షిప్ అంతా తెలిసింది. మధ్యాహ్నానికి, రెండేళ్లుగా ఒకే బకెట్ వాడుకున్న ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. సాయంత్రానికి ఒకరు పక్కవాళ్ల కలుపుమొక్కల్ని ఫోటో తీసి నాకు పంపారు. మూడేళ్ల బురద ఒక్క కాగితానికి ఆరిపోయింది. జనానికి మార్కులు వేయడం తోటమాలి పని కాదని కొత్తవాళ్లకు గట్టిగా చెబుతున్నాను. వేస్తే ఏమవుతుందో నేను చూశాను.

ఆదివారం పొద్దున అందర్నీ తోటలోకి పిలిచాను. జాబితా చేతిలో ఉంది. చదవకుండా నాలుగు మడతలు పెట్టాను. అటు పన్నెండుమంది, ఇటు పన్నెండుమంది, మధ్యలో దారి. పెళ్లిచూపులు చెడిపోయాక నిలబడ్డట్టు నిలబడ్డారు. మల్లవ్వ ఒక గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. జాబితాలో ఆమె పేరు ఉంది, ఉండేవాళ్లలో.

“ఎవల్ని తీసేసుడు ఎందుకు బిడ్డా?” అంది. “ఉన్న మళ్ల నడిమిట్ల తాడు కట్టు. తలా సగం.”

నేను ఆ మాట హిందీలో చెప్పాను, తర్వాత గుజరాతీలో. మూడు భాషల్లో వినేసరికి నాకే బుర్రకెక్కింది. పన్నెండు మళ్లు, ఇరవై నాలుగు సగాలు. ఇంత చిన్న లెక్క డిప్లొమాకు తట్టలేదు.

అప్పుడు మల్లవ్వ ఇంకో మాట అంది. “నా కొడుకు సొరకాయ తినలేక సస్తుండు. సగం మడైతెనే మంచిగుంటది.”

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. ముందు మలయాళీ నర్సు, తర్వాత వాస్తు ఆయన, ఆ తర్వాత మాట్లాడుకోని ఆ ఇద్దరు ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి. ఎవరింట్లోనూ ఎవరూ సొరకాయ తినలేకపోతున్నారన్న పరమ రహస్యం బయటపడిపోయింది.

ఇక ఆ రోజు జరిగింది చెబితే నమ్మరు. చీకటి పడేలోగా సగం తోటను ఎత్తి ఇంకో సగంలో పెట్టాలి. వంకాయ మొక్కల్ని వేళ్ల చుట్టూ మట్టితో సహా తవ్వి, చంటిపిల్లల్లా రెండు చేతులా ఎత్తుకుని జనం పరుగెత్తుతున్నారు. తీగల్ని నలుగురేసి భుజాల మీద మోస్తున్నారు. దాదా పంచె ఎగ్గట్టి గొడుగు కర్రను ట్రాఫిక్ పోలీసులా ఊపుతున్నాడు. ఎదురెదురుగా వచ్చిన రెండు టమాట తట్టలు ఢీకొన్నాయి. మొక్కలు కలిసిపోయి ఏవి ఎవరివో తేలక, చెరి సగం పంచుకున్నారు. నేను సూపర్‌వైజర్‌నన్న సంగతి మరిచి చెప్పులు ఎక్కడో వదిలేశాను. తర్వాత అవి దొరకనేలేదు.

ఈ గోల మధ్యలో రమణ్ కాకా ఒక్కడే నెమ్మదిగా, మడి మడికీ కొలిచి, నడుమ కొయ్య పాతి, తాడు కట్టుకుంటూ వస్తున్నాడు. మల్లవ్వ మడి దగ్గరికి వచ్చి కొయ్య దిగ్గొడుతుంటే ఆమె నన్ను అడిగింది.

“అందరికి కట్టిండు. గీ కాకది ఏదీ?”

నా చేతిలో మిరపనారు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మూడేళ్లు. ఉప్పు ఉందని చెప్పింది ఆయన, ఉప్పును పంపింది ఆయన, ప్రతి తాడూ ఆయన కట్టిందే. ఆయనకు క్వార్టర్ లేదు కాబట్టి మడి లేదు. ఆ నియమం నా దస్తూరిలో ఉంది. ఇరవై నాలుగు కుటుంబాల్లో ఒక్కరికీ, నాకు కూడా, ఆ ప్రశ్న తోచలేదు.

రమణ్ కాకా విషయం గ్రహించి తల అడ్డంగా ఊపాడు. తనకెందుకని, రోజూ ఇక్కడే ఉంటాను కదా అని ఏదో గొణిగాడు. మల్లవ్వకు గుజరాతీ రాదు, ఆయనకు తెలుగు రాదు. ఆమె ఆయన చేతిలోంచి కొయ్య తీసుకుంది. తన సగం మడిలో నడుమ పెట్టి, పక్కనున్న ఇటుకతో తనే కొట్టింది. అటు నీది, ఇటు నాది అన్నట్టు చేత్తో చూపించింది.

సరిగ్గా అప్పుడే దేశాయి సాహెబ్ వచ్చాడు, పార్కింగ్ కొలతలు చూసుకోవడానికి, కాలినడకన. నేను బురదకాళ్లతోనే ఎదురెళ్లి విషయం చెప్పాను. బయట ఊరివాళ్లకు టౌన్‌షిప్ భూమి ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవన్నాడు. ఆ నియమం రాసింది నేనే సాహెబ్, తప్పు రాశాను, కొట్టేస్తున్నానన్నాను. ఉద్యోగంలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన ఏదో అనబోయి ఆగాడు. ఎదురుగా ఆయన తండ్రి, మోచేతుల దాకా మట్టితో, చంకలో ఒక వంకాయ మొక్కతో, కొడుకు ఏమంటాడా అని చూస్తున్నాడు.

“నేను పార్కింగ్ చూడటానికి వచ్చాను, ఇంకేమీ చూడలేదు” అన్నాడు దేశాయి సాహెబ్. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఎంతోమంది అధికారుల కింద పనిచేశాను. బాగా మాట్లాడేవాళ్లను చూశాను, బాగా సంతకాలు పెట్టేవాళ్లను చూశాను. సరైన సమయంలో చూడకుండా ఉండటం తెలిసినవాళ్లు తక్కువ. మీకు అలాంటి అధికారి దొరికితే ఆయన లాన్‌ను శ్రద్ధగా కత్తిరించండి, కృతజ్ఞతగా.

ఫిర్యాదు

సోమవారం రోలర్ వచ్చింది. పార్కింగ్ అయింది. సగం తోట మునుపటికంటే బాగా పండింది. జాగా తగ్గేసరికి జనం ఆలోచించి వేశారు. మీరు వంకాయ వేస్తే మేం బెండ వేస్తాం అని మాట్లాడుకుని వేశారు. సొరతీగలు మొత్తానికి నాలుగే.

రమణ్ కాకా తన పావు మడిలో పాపడీ చిక్కుడు వేశాడు. చలి ముదిరేసరికి గుత్తులు గుత్తులుగా కాసింది. ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో ఏదో రాసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏం కాకా అన్నాను, తల ఎత్తకుండానే. ఎప్పుడు వచ్చినా గడప బయట నిలబడి చెప్పి వెళ్లేవాడు. ఇరవై మూడేళ్లుగా అంతే.

ఆయన లోపలికి వచ్చాడు. నా ఎదురుగా ఉన్న కుర్చీ లాగి కూర్చున్నాడు. నేను కలం పక్కన పెట్టాను.

“బెన్, నాకొక ఫిర్యాదు ఉంది” అన్నాడు.

వాస్తు ఆయన సొరతీగ గట్టు దాటి వచ్చి తన చిక్కుడు మీదికి పాకుతోందట. రెండుసార్లు చెప్పి చూశాడట. ఈశాన్యం వైపు తీగను కత్తిరించకూడదని ఆయన అంటున్నాడట. ఇలా అయితే మడి పెట్టుకుని ఏం లాభం, సూపర్‌వైజర్ అన్నాక పట్టించుకోవాలి కదా అని గట్టిగానే అడిగాడు. తర్వాత నీళ్ల వంతుల గురించి, ఎవరో తన పార తీసుకుని తిరిగివ్వకపోవడం గురించి, మల్లవ్వ తన చిక్కుడు మరీ లేతగా కోసేస్తోందని, అరగంట ఆపకుండా చెప్పాడు. మధ్యలో నా గ్లాసులో నీళ్లు తీసుకుని తాగాడు.

నేను ఒక కొత్త పుస్తకం తీసి, తారీఖు వేసి, ఆయన చెప్పిందంతా ఒక్క మాట పోకుండా రాసుకున్నాను. మొహం గంభీరంగా ఉంచడానికి నానా తంటాలు పడ్డాను. రేపు ఉదయమే వచ్చి ఆ తీగ సంగతి స్వయంగా చూస్తానని చెప్పాను.

“చూడాలి మరి” అని ఆయన లేచి వెళ్లిపోయాడు, కుర్చీని వెనక్కి నెట్టకుండానే.